తోలు తగలని పత్తి

“మా నాన్నగారికి కబురు పెట్టాను. పొద్దుటి బస్సుకి దిగుతారు,” అంది శ్యామల. కాఫీ గ్లాసు భర్త చేతికివ్వకుండా కిటికీ గట్టు మీద పెట్టింది.

కుటుంబరావు గ్లాసు వంక చూశాడు. మొన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో కాఫీ కిటికీ గట్టు మీదే దొరుకుతోంది.

“ఇప్పుడాయన్ని ఎందుకు రమ్మన్నావు?”

“తమ్ముణ్ణి తీసుకెళ్ళటానికి. మీరు వాణ్ణి వెళ్ళగొట్టేదాకా చూస్తూ కూర్చోమంటారా?”

“వెళ్ళగొడతానని ఎవరన్నారు?”

“కూలిజనం ముందు నిలబెట్టి తప్పయిందని చెప్పిస్తానన్నారుగా. అంతకన్నా వెళ్ళగొట్టటమే నయం.”

ఈ మాటలన్నీ ఎవరి గురించో ఆ మనిషి వీధి అరుగు మీదే ఉన్నాడు. బుల్లిబాబు నందిగామలో స్కూలు ఫైనలు తప్పి, తండ్రి పత్తి వ్యాపారంలో చెయ్యి పెట్టనని మొండికేసి, దసరా వెళ్ళాక బావగారి జిన్నింగు మిల్లులో గేటు గుమాస్తాగా చేరాడు. క్రాపు దువ్వుకోవటం తప్ప ఏ పనీ శ్రద్ధగా చెయ్యడని పేరు. మొన్న మాత్రం ఒక పని శ్రద్ధగా చేశాడు, దాంతో మిల్లు ఆగిపోయింది.

“గేటు దాటి గింజ కూడా పోకూడదని బోర్డు రాయించింది మీరే బావా,” అన్నాడు లోపలికి రాకుండానే. “రాసినట్టే చేశా.”

“సోదా చెయ్యమన్నాను. ఆడవాళ్ళని సోదా చేసే ముసలమ్మకి జ్వరమైతే గేటు మూసి నాకు కబురు చెయ్యాలి. ప్రెస్సు కూలీలంతా చూస్తుంటే ఆడమనిషి చేత కొంగు విప్పించటమేమిట్రా?”

“నేను ముట్టుకోలేదు. విప్పమన్నా, తనే విప్పింది. పత్తి కింద పడింది. దొంగ దొరికిందా లేదా, అది చెప్పండి.”

పత్తి పడిన మాట నిజం. కొంగు విప్పిన పున్నమ్మ దాని గురించి నోరు విప్పని మాటా నిజమే. మర్నాడు ఆడకూలీలు ఒక్కరు కూడా లోపలికి రాలేదు. గేటు బయట గోడ నీడన కూర్చున్నారు. వాళ్ళడిగేది ఒకటే, పున్నమ్మని దొంగ అన్న నోటితోనే కాదనాలి.

కుటుంబరావు చెడ్డవాడు కాడు. ఆ మాట పనిగట్టుకుని చెప్పవలసి వస్తోందంటే కాస్త అనుమానంగానే ఉంది కాని, నిజం నిజమే. షావుకారుగారు బెజవాడలో కూర్చుని జగ్గయ్యపేట మిల్లంతా ఇతని చేతిలో పెట్టారు. ఇతను దీపావళి దీపాలకి, యంత్రాలకి పోసే ఆముదం డబ్బా కూడా మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకోలేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, అందరికీ తెలుసునని ఇతనికీ తెలుసు. తెలియనిది ఒక్కటే. ఆ కొంగులోని పత్తి ఎవరికోసమో.

అది వాళ్ళమ్మ ప్రసూనాంబ కోసం.

పేరు పూర్తిగా జ్ఞానప్రసూనాంబ. కొడుక్కి సన్నిపాత జ్వరం వచ్చి ఆశ వదులుకున్న ఏడు ఆవిడ లక్షవత్తుల నోము మొక్కుకుంది. ఈ శివరాత్రికి ముక్త్యాల వెళ్ళి స్వామి ముందు వెలిగించాలి. బజారు నుంచి దూది తెప్పించుకుని చేసుకునేదే. కాని ఒకనాడు భోజనాల దగ్గర కుటుంబరావు కొత్త జిన్నుల గొప్ప చెబుతూ, రోలరుకి తోలు చుట్టి ఉంటుందనీ, ఆ తోలు దూదిని పట్టుకుని లాగితే గింజ ఇవతల పడుతుందనీ వర్ణించాడు. ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది.

“తోలా? ఏ తోలురా?”

“ఏదో జంతువు తోలు. దీపానికి తెలుస్తుందా అమ్మా?” అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. బజారులో ఉన్న దూదంతా ఏదో ఒక మిల్లులో తోలు తగిలిందే. తగలని పత్తి కావాలంటే చేత్తో గింజ తియ్యాలి, ముందు పత్తి దొరకాలి. నవ్విన కొడుకుని మళ్ళీ అడగటానికి మనసు రాలేదు. ఆ నవ్వు ఆవిడకి చాలా కష్టం కలిగించింది. దొడ్డి గుమ్మంలోకి మజ్జిగకి వచ్చే పున్నమ్మని అడిగింది. అడిగి, “మావాడికి తెలియనివ్వకమ్మా,” అంది. పున్నమ్మ పత్తి ఏరేచోట మంచి పత్తి పక్కన పెట్టి, రోజూ ఇంత కొంగున కట్టుకొచ్చి, గుడిసెలో గింజ తీసి తెచ్చిచ్చేది.

అదీ దొంగతనం. చేయించినావిడ వెనక వసారాలో కూర్చుని ఉంది. చేసినామె గేటు బయట కూర్చుని ఉంది.

కుటుంబరావు వెళ్ళేముందు వసారాలోకి తొంగిచూశాడు. ఇత్తడి పళ్ళెం నిండా వత్తులున్నాయి. పక్కన పత్తి ఉంది. ప్రసూనాంబ చేతులు ఒళ్ళో ఉన్నాయి.

“ఒంట్లో బాగాలేదా అమ్మా? మొన్నట్నుంచీ వత్తులు చేస్తున్నట్టు లేదు.”

“చెయ్యబుద్ధి కావటంలేదు.”

“శివరాత్రి దగ్గరికొచ్చింది.”

“వస్తే రానీ,” అందావిడ. ఇంకేదో అనబోయి కొడుకు చేతి గడియారం వంక చూసి ఆగిపోయింది.

అతను మిల్లుకి వెళ్ళిపోయాడు.

* * *

ఆ పొద్దున మిల్లులో మేనేజరు కోసం ఎదురుచూడని ప్రాణి గోడౌను పిల్లి ఒక్కటే.

పరిటాల నుంచి వచ్చిన బళ్ళు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. ఎద్దుల్ని విప్పేసి రైతులు చుట్టలు కాలుస్తున్నారు. పత్తి దగ్గర చుట్టలేమిటని కుటుంబరావు కేకలేస్తే, “మీరు దించుకోకపోతే కాల్చక ఏం చేస్తామండీ?” అన్నాడొక పెద్దాయన తాపీగా. బెజవాడ స్టేషనుకి బేళ్ళు వెయ్యాల్సిన లారీ డ్రైవరు బానెట్టు మీద కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాడు. బల్ల మీద షావుకారుగారి తంతి ఉంది. మద్రాసు సరుకు రేపటికల్లా రైలెక్కాలి. ఎందుకు ఎక్కలేదో చెప్పమనే తంతి దాని వెనకే వస్తుందని మేనేజరుకి అనుభవం.

ఇంజను డ్రైవరు ఆశీర్వాదం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఇంజను ఉత్తినే తిరుగుతోందండీ. ఆపెయ్యనా?”

“ఆపొద్దు. చప్పుడు వినపడనీ.”

“ఎవరికండీ?”

కుటుంబరావు గేటు వైపు చూపించాడు. ఆశీర్వాదం ఏదో అనాలనుకున్నట్టు నిలబడ్డాడు.

“ఏమిటి?”

“ఏం లేదండీ. చప్పుడు వాళ్ళకి కొత్త కాదు గదా,” అని వెళ్ళిపోయాడు.

బేళ్ళు కట్టే ప్రెస్సు మేస్త్రీ వచ్చి తన మనుషుల్ని ఊరికే కూర్చోబెట్టటం తనవల్ల కాదన్నాడు. జిన్ను దగ్గరికి మగవాళ్ళని పెడదామని చూస్తే, పత్తి అందించటం ఆడవాళ్ళ పనని వాళ్ళు నవ్వారు. ఇద్దరు కూర్చున్నారు కూడా. చెత్తా, ఆకూ, కాయా అన్నీ కలిపి లోపలికి తోసి ఒక జిన్నుని కాసేపట్లో ఆపేశారు. నిప్పు ఆర్పే బక్కెట్లలో నీళ్ళు లేవని కుటుంబరావు కనిపెట్టాడు. ఆడవాళ్ళే నింపేవాళ్ళట. ఆ సంగతి ఇన్నేళ్ళుగా అతనికి తెలియదు.

పున్నమ్మని పిలిపించాడు. గేటు కాపలా రత్తయ్య వెంటబెట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, తలుపు తీసే ఉంచి.

ఆమెది సరిహద్దు అవతల కోదాడ వైపు ఊరు. రజాకార్ల రోజుల్లో ఇల్లు తగలబడి, మొగుడు పోయి, అత్తని వెంటబెట్టుకుని ఇటొచ్చింది. అవతల గొడవ సద్దుమణిగాక చాలామంది వెనక్కి వెళ్ళారు. వెళ్ళటానికి ఇల్లు లేనివాళ్ళు ఉండిపోయారు. మిల్లులో ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు.

“చూడు పున్నమ్మా, పని ఆగిపోయింది. ఇది నీకూ మంచిది కాదు, నాకూ మంచిది కాదు. తప్పయిందను. ఇంతటితో వదిలేస్తా. బుల్లిబాబునీ మందలిస్తా.”

“తప్పయిందని ఎట్లంటనండీ? అంటే నేను దొంగననే గదా.”

“మరి ఆ పత్తి?”

“అది నాకోసం గాదు.”

“ఎవరికోసం?”

పున్నమ్మ బల్ల మీది తంతి వంక చూస్తూ నిలబడింది. చదవటం రాదు కనక అది చూపు నిలుపుకోవటానికే.

“నిన్నే అడుగుతున్నా.”

“ఎవరికని అడగకుండ్రి బాబుగారూ. మాటిచ్చిన.”

“ఎవరికిచ్చావు మాట? వాళ్ళెవరో నీ చేత దొంగతనం చేయించి, నువ్వు గోడకింద కూర్చుంటే చూస్తూ ఊరుకున్నారా? అలాంటివాళ్ళకి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా?”

ఆమె తలెత్తి చూసింది. అతని మీద జాలిపడినట్టుంది ఆ చూపు. కుటుంబరావుకి అది పొగరులా కనిపించింది.

“వాళ్ళు మంచోళ్ళే,” అంది. “నాకు బువ్వ పెట్టినోళ్ళు. వాళ్ళని ఏమనకుండ్రి.”

“అయితే పనిలోంచి తీసెయ్యక తప్పదు. మిగిలినవాళ్ళు నీకోసం ఎన్నాళ్ళు పస్తులుంటారు? ఆలోచించుకో.”

“నన్ను తీసెయ్యుండ్రి. మీ ఇష్టం. దొంగనని మటుకు అనొద్దు. నా అత్త ముసలిది. మొన్నట్నుంచి నా చేతి అన్నం తింటలేదు, దొంగకూడు తిననని.”

గుమ్మంలో రత్తయ్య దగ్గాడు. కుటుంబరావు కాగితాలు సర్దాడు. ఇంతకన్నా అక్కడ జరిగిందేమీ లేదు. పున్నమ్మ మళ్ళీ వెళ్ళి గోడ నీడలో కూర్చుంది.

* * *

మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేసరికి మామగారు పీట మీద కూర్చుని ఉన్నారు, పక్క పీట మీద బుల్లిబాబు. నందిగామ పత్తి వ్యాపారుల్లో రామకోటేశ్వరరావుగారి మాట చెల్లుతుంది. మిల్లుకొచ్చే పత్తిలో సగం ఆయన బళ్ళ మీదే వస్తుంది. ఆయనెప్పుడూ గొంతు పెంచరు, అవసరం రాదు కనక.

“రండి అల్లుడుగారూ. మీకోసమే ఆగాను. బళ్ళన్నీ రోడ్డు మీద నిలబడిపోయాయే?”

“రేపటికి సర్దుకుంటుంది మావయ్యగారూ.”

“సర్దుకోవాలి. నందిగామ నుంచి బళ్ళు ఇటే రావాలని రాసిపెట్టి లేదు. బెజవాడ మిల్లులవాళ్ళు రోజూ కబురు పెడుతూనే ఉన్నారు. మీరున్నారు కదా అని నేను ఇటు తోలుతున్నాను.”

శ్యామల వడ్డించింది. తండ్రికి నెయ్యి వేసింది. భర్త విస్తరి దగ్గర గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. కుటుంబరావు తనే వేసుకున్నాడు.

“మావాడు కుర్రవాడు,” అన్నారు మామగారు. “దూకుడుగా చేశాడేమో. కాని చేసింది మీ పనే. వాడు కూలివాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడితే, రేపు నా కొట్లో గుమాస్తా నా మాట వింటాడా? తీసుకెళ్ళిపొమ్మంటే తీసుకెళ్తాను. వాడితోపాటు అమ్మాయిని కూడా నాలుగు రోజులు తీసుకెళ్తాను. దాని మొహం చూస్తే బాగాలేదు.”

కుటుంబరావు ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. శ్యామల వింటోంది. భర్త ‘వద్దు’ అంటాడేమోనని వింటోంది. అతను అనలేదు. అనాలని అతనికి తోచలేదు. మిల్లు, లారీ, తంతి, నీళ్ళు లేని బక్కెట్లు, అతని బుర్రలో ఖాళీ లేదు. గరిటె చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి గట్టిగా.

“అబ్బాయ్.”

వసారా గుమ్మంలో ప్రసూనాంబ నిలబడి ఉంది. వియ్యంకుడి ముందుకి ఆవిడ ఎప్పుడూ రాదు. రామకోటేశ్వరరావుగారు తినటం మాని కాస్త పక్కకి తిరిగి కూర్చున్నారు.

“ఆ పిల్లని పనిలోంచి తీసేస్తావుట. బుల్లిబాబు చెప్పాడు.”

“తీసెయ్యక ఏం చెయ్యమంటావమ్మా? ఎవరికోసం తీసిందో చెప్పదు, తప్పయిందనదు.”

“నాకోసం తీసింది.”

కుటుంబరావుకి మొదట అర్థంకాలేదు.

“నాకోసంరా. నేనే తెమ్మన్నా, వత్తులకి. తోలు తగలని పత్తి కావాలని. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా. మొన్నట్నుంచీ చెబుదామనే చూస్తున్నా. నోరు రావటంలేదు. ఆ పిల్లకి ఉన్నపాటి ధైర్యం నాకు లేకపోయింది.”

బుల్లిబాబు తింటున్నవాడు తింటున్నట్టే చెయ్యి కడుక్కోవటానికి లేచాడు.

“నన్ను అడిగితే నేను తెప్పించనా అమ్మా?” అన్నాడు కుటుంబరావు.

“అడిగాను. నవ్వావు.”

“బళ్ళవాళ్ళ దగ్గర కొనిచ్చేవాణ్ణి.”

“ఇప్పుడు చెబుతున్నావు.”

శ్యామల వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. కుటుంబరావు అది గమనించాడు.

“నీకు తెలుసా?”

“దొడ్డి తలుపు నేనే తీసేదాన్ని. తెలియకేం?”

“మరి మొన్నట్నుంచీ చెప్పలేదేం?”

“ఏమని చెప్పనండీ? తమ్ముడు తెలివితక్కువవాడనా, అత్తగారు దొంగపత్తి తెప్పించారనా? రెండూ నా నోటి మీదుగానే రావాలా?” అని ఆగింది. “అయినా మీరు నన్నడిగారా? మొన్నట్నుంచీ ఇంట్లో ఎవర్నయినా ఏమయినా అడిగారా? బోర్డు, బోర్డు అంటున్నారు.”

ప్రసూనాంబ గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

“ఆ వత్తులు ఇక వెలిగించలేనురా. ఒక ఆడదాన్ని నలుగురిలో నిలబెట్టిన పత్తి అది. ముక్త్యాల వెళ్ళి ఏ మొహంతో వెలిగించను? నువ్వెళ్ళి ఆ నలుగురిలోనే చెప్పు, పత్తి మా ఇంటికేనని. అప్పుడు మళ్ళీ మొదలుపెడతా.”

“చెప్తా.”

“నలుగురిలో చెప్పాలి.”

“చెప్తానన్నాగా అమ్మా.”

ఆ మాట అన్నప్పుడు కుటుంబరావు చెప్పాలనే అనుకున్నాడు. అందులో అనుమానం లేదు. మజ్జిగ పోసుకోకుండా లేచి చెప్పులు వేసుకున్నాడు. మామగారు వెనకే బయలుదేరారు, బళ్ళు చూసుకోవాలంటూ. బుల్లిబాబు వాళ్ళకి కాస్త ఎడంగా నడిచాడు.

* * *

ఇంటికీ మిల్లుకీ మధ్య దూరం ఎక్కువేం కాదు. కాని రామకోటేశ్వరరావుగారు మెల్లిగా నడుస్తారు, మెల్లిగా మాట్లాడతారు.

“వదినగారు పెద్దావిడ. బాధలో అన్నారు,” అన్నారు బజారు మలుపు తిరిగాక. “మీరు నిజంగా చెప్పెయ్యరు కదా?”

“చెప్పాలి కదండీ.”

“చెప్పండి. చెప్పాక ఏమవుతుందో కూడా ఆలోచించండి. మేనేజరుగారి తల్లి మిల్లు పత్తి దొంగతనంగా తెప్పించుకుందని సాయంత్రానికల్లా బజారంతా అనుకుంటుంది. రేపు షావుకారుగారికి తెలుస్తుంది. శివరాత్రికి ముక్త్యాలలో ఆవిడ దీపాలు పెడుతుంటే ఆడవాళ్ళు ఏమనుకుంటారు? మీ గురించి కాదు నేను చెప్పేది. మీరు మగవారు, తట్టుకుంటారు. ఆవిడ గురించే.”

“మరి పున్నమ్మ?”

“ఆ పిల్లకి కావలసింది పని. పనిలోకి తీసుకోండి. ఈసారికి క్షమించానని చెప్పండి. మంచిమాట చాలు. మావాడు నోరెత్తకుండా నేను చూసుకుంటా. అందరి పరువూ దక్కుతుంది.”

కుటుంబరావు ఒప్పుకోలేదు. కాని తల్లి పరువు అన్న మాట అతనికి ఎక్కడో హాయిగా తగిలింది. తనకోసం వెనకాడితే పిరికితనం. తల్లికోసం వెనకాడితే ఆ పేరు వేరు. మిల్లు గోడ కనిపించేవేళకి అతని నడకలో ఇంటి దగ్గర బయలుదేరినప్పటి వేగం లేదు.

మేనేజరు వస్తున్నాడని చూసి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. బళ్ళ దగ్గరి రైతులూ, ప్రెస్సు కూలీలూ దగ్గరికి జరిగారు. ఆశీర్వాదం ఇంజను షెడ్డు గుమ్మంలోకి వచ్చాడు. లారీ డ్రైవరు కూడా నిద్రలేచాడు. రత్తయ్య గేటు తలుపు ఒకటి తీసి పట్టుకున్నాడు, బుల్లిబాబు అతని పక్కకి చేరాడు. గేటు మీద బోర్డు ఉంది. దాని కిందే నిలబడి కుటుంబరావు గొంతు సవరించుకున్నాడు.

“చూడండి. జరిగిందేదో జరిగింది. సోదా అలా చేసి ఉండకూడదు. ఇకమీదట ఆడమనిషి లేకుండా సోదా జరగదు.”

ఆడవాళ్ళు విన్నారు. అసలు మాట ఇంకా రాలేదని వాళ్ళకి తెలుసు.

“పున్నమ్మ సంగతి.” అతను ఆగాడు. పక్కన మామగారు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి బళ్ళవైపు చూస్తున్నారు. “పున్నమ్మ మంచి పనిమంతురాలు. నేను విచారించాను. ఈసారికి క్షమించాను. పనిలోకి రావచ్చు. అందరూ రండి, పొద్దుపోతోంది.”

ఎవరూ కదల్లేదు. పున్నమ్మ ముందుకి వచ్చింది. కోపంగా లేదు. ఆ మొహంలో ఏదో తేలికపడ్డ గుర్తు కనిపించింది. మేనేజరు ఇంటికెళ్ళి వచ్చాడు, వచ్చి మాట మార్చాడు. ఇక తన ఒట్టు తీరిపోయిందని ఆమె అనుకుంది.

“అమ్మగారు చెప్పిండ్రా బాబుగారూ?” అంది మెల్లిగా.

మెల్లిగా అన్నా అందరికీ వినపడింది. లారీ డ్రైవరు కుటుంబరావు మొహంలోకి చూశాడు. రైతులు చూశారు. మామగారి చేతికర్ర నేలమీద చిన్నగా కదిలింది.

కుటుంబరావు నోట్లో నిజం ఉంది. భోజనాల దగ్గర్నుంచీ ఉంది. ఇంటి దగ్గర అది మాటే, ఇక్కడికొచ్చేసరికి బరువైంది. ఇన్నేళ్ళ పేరూ, తలమీది బోర్డూ, ఆముదం డబ్బా అయినా ఇంటికి తేని మనిషన్న గొప్పా, ఇంతమంది కళ్ళూ అన్నీ అడ్డం వచ్చాయి.

“ఏ అమ్మగారు?” అన్నాడు.

పున్నమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగుతో గుంపు కాస్త చీలింది, వెనక ఉన్న మనిషి కనిపించింది.

ప్రసూనాంబ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ‘చెప్తానన్నాగా’ అన్న కొడుకు గొంతు ఆవిడకి చిన్నప్పటి నుంచీ తెలుసు. నమ్మకం కుదరక వెనకే వచ్చింది. భర్త పోయాక బజారు మొహం చూడని మనిషి, ముసుగు నుదుటిదాకా లాక్కుని, శ్యామల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఎండలో నడిచి వచ్చినందుకు ఆయాసపడుతోంది. అంతా విన్నదని చూడగానే తెలుస్తోంది.

ఆవిడ కోడలి చెయ్యి వదిలేసి నాలుగడుగులు వేసి, గేటు తలుపు పట్టుకున్న రత్తయ్య దగ్గర ఆగింది.

“సోదాకి ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారు నాయనా?” అని అడిగింది.

రత్తయ్య చెయ్యి దానంతటదే ఎడమవైపు గోడని చూపించింది. ప్రసూనాంబ వెళ్ళి ఆ గోడ వారన నిలబడింది. పున్నమ్మ పరుగున వచ్చి, “వద్దమ్మగారూ, మీకెందుకిది,” అంటూ ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ప్రసూనాంబ ఆ చేతిని తనే పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. శ్యామల తండ్రి వంక ఒకసారి చూసి, వెళ్ళి వాళ్ళ వెనక నిలబడింది. ఒకరి తరవాత ఒకరుగా ఆడకూలీలు కూడా వచ్చి ఆ వరసలో చేరారు.

రత్తయ్య గేటు గుమాస్తా వైపు చూశాడు. బుల్లిబాబు బావ వైపు చూశాడు.

“బావా,” అన్నాడు, “ఇప్పుడేం చెయ్యమంటారు?”